పురుగుల కథ భయపెట్టాలంటే ముందు పురుగుల్ని తగ్గించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొత్తగా ఇల్లు కొనుక్కున్న భార్యాభర్తలు, వాళ్లకొక పాప. దిగిన రాత్రి వంటింట్లో బొద్దింకలు, మర్నాడు బాత్రూంలో జెర్రి, వారం తిరిగేసరికి గదినిండా సాలీళ్లు. చివర్లో గోడలు పగిలి వేల పురుగులు మీద పడి ముగ్గుర్నీ తినేస్తాయి. చదివిన స్నేహితులందరూ "ఛీ, ఒళ్లు జలదరించింది" అన్నారు గానీ భయం వేసిందని ఒక్కరూ అనలేదు. పురుగుల్ని ఇంకా పెంచాలా, లేకపోతే వెనకాల ఒక దెయ్యాన్ని పెట్టాలా అన్నది మీ సందేహం. కథ ఇప్పుడు భర్త నోట ఫస్ట్ పర్సన్‌లో ఉంది, మార్చాలా అని కూడా అడిగారు.

రెండూ వద్దు. పురుగుల్ని ఒకే ఒక్క రకానికి తగ్గించండి. అది నిజంగా ఎలా బతుకుతుందో అలాగే బతకనివ్వండి. అది ఆ ఇంట్లో ఎందుకుంది అన్న ప్రశ్నకు జవాబే మీ కథ కావాలి. దెయ్యం అవసరం రాదు. ఒకవేళ పెట్టినా, పురుగు విషయం కుదిరాకే అది నిలబడుతుంది.

నేను ఇళ్లలో పురుగుల నివారణ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. భయం కథలు రాస్తాను, కొత్తగా రాసేవాళ్ల కథలు చూసిపెడతాను కూడా. ఈ రెండు పనుల వల్ల నాకు గట్టిగా పట్టుబడ్డ సంగతి ఒకటుంది: పురుగు ఊరికే రాదు. ఇంట్లో ఎక్కడో తడి ఉండాలి, కుళ్లు ఉండాలి, చచ్చినదేదో ఉండాలి, లేదా అది మీకంటే ముందే ఆ ఇంట్లో ఉండి ఉండాలి. అంటే పురుగు కనబడిందంటే ఇల్లు దాచుకున్నదేదో బయటికి పొక్కింది. పాఠకుడు ఆ దాచినదాన్ని ఊహించుకోవడం మొదలుపెట్టిన క్షణం నుంచి భయం మొదలవుతుంది. మీ కథలో బొద్దింక, జెర్రి, సాలీడు ఒకదానికొకటి సంబంధం లేకుండా వచ్చాయి కాబట్టి ఊహించుకోవడానికి ఏమీ లేదు. అసహ్యం ఒక్కటే మిగిలింది. అసహ్యం వేస్తే చదివేవాడు చూపు తిప్పుకుంటాడు. మీకు కావలసింది అతను చూపు తిప్పుకోలేకపోవడం.

(జెర్రి, సాలీడు కీటకాలు కావు. కీటకానికి కాళ్లు ఆరే. కథలో ఎవరైనా వాటిని కీటకాలు అంటే ఇబ్బంది లేదు గానీ, కథ చెప్పే గొంతు అనకూడదు.)

ఇక ఏ పురుగు ఏం చెబుతుందో చూద్దాం. మీరు ఎంచుకోవాల్సింది ఇక్కడే.

సరికొత్తగా కట్టిన ఇల్లయితే పురుగులుండవని చాలామంది అనుకుంటారు. ఉంటాయి. ప్లాస్టరింగ్ ఇంకా పూర్తిగా ఆరని గోడల్లో కంటికి కనబడీ కనబడనంత బూజు పడుతుంది. దాన్ని తినడానికి బుక్‌లైస్ అనే, పేనుకన్నా చిన్న పురుగులు లేత రంగు ధూళిలా కదులుతూ కనిపిస్తాయి. ఏ హానీ చెయ్యవు, గోడలు ఆరితే పోతాయి. కానీ ఇల్లు చేతికొచ్చిన మొదటి నెలలోనే తెల్లగోడ మీద ధూళి దానంతటది నడవడం చూసినవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కొత్త కర్రసామానుతో వచ్చేవి ఇంకో రకం. పౌడర్‌పోస్ట్ బీటిల్స్ అనే పెంకు పురుగులు కర్ర ఇంకా మిల్లులోనో గోడౌన్‌లోనో ఉండగానే గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన లార్వా (పిల్లపురుగు) లోపలే ఏడాదో అంతకు మించో తింటూ ఉండి, సామాను ఇంటికి చేరాక చిన్న గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. కింద టాల్కం పౌడర్ లాంటి మెత్తటి పిండి రాలి ఉంటుంది. తుడిచేస్తే మళ్లీ రాలుతుంది. ఉత్తర అమెరికా అడవుల్లో బంగారు ఆకుపచ్చ రంగులో మెరిసే ఒక పెంకు పురుగు ఉంది, గోల్డెన్ బుప్రెస్టిడ్ అంటారు. ఆ కలపతో కట్టిన ఇళ్లలో లార్వా దూలంలోనే ఉండిపోయి, దశాబ్దాల తర్వాత పెరిగి బయటికొచ్చిన ఉదాహరణలు నమోదై ఉన్నాయి. ఇల్లు కట్టినవాళ్లు పోయాక వాళ్ల పిల్లల కాలంలో, ఇంటికంటే పాతదైన ప్రాణి ఒకటి దూలంలోంచి బయటికి రావడం! దీనికి ఒక్క ముక్క కల్పన చేర్చకపోయినా కథ అవుతుంది.

ఈగల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే రచయితలు ఎక్కువగా పొరపాటుపడేది అక్కడే. మూసి ఉన్న గదిలో కిటికీ అద్దాల దగ్గర పెద్ద నీలి ఈగలు ఉన్నట్టుండి పదుల్లో తేలాయంటే గోడలోనో అటక మీదో ఏదో చచ్చిందని అర్థం. దాదాపు ఎప్పుడూ అది ఎలుకే. లార్వాలు బాగా తిన్నాక శవాన్ని వదిలేసి దూరంగా పాకిపోయి, పొడిచోటు చూసుకుని ప్యూపా అవుతాయి, అంటే గుల్లలో ముడుచుకుని ఈగగా మారతాయి. అందుకే చచ్చింది ఒక గదిలో, పురుగులు తేలేది ఇంకో గదిలో అవుతుంది. కథకి ఇది ఎంత ఉపయోగమో చూడండి, మీ పాత్రలు వెతకాల్సిన చోట వెతకరు. నేలలోని సన్నటి బీటల్లోంచి చిన్న ఈగలు ఆగకుండా వస్తుంటే అది వేరే లెక్క. చాలాసార్లు అది కింద మురుగు గొట్టం పగిలి మట్టిలోకి కారుతోందన్న సూచన.

ఈగల్ని సాక్షులుగా వాడుకోవడం చాలా పాతది. 1247లో చైనాలో సాంగ్ త్సు అనే న్యాయాధికారి రాసిన శవపరీక్ష గ్రంథంలో ఒక కేసుంది. ఒకణ్ణి కొడవలితో నరికి చంపారు. ఊళ్లోవాళ్ల కొడవళ్లన్నీ తెప్పించి నేల మీద పరిపించారు. కడిగేసి ఉన్నా ఒక్క కొడవలి మీదే ఈగలు మూగాయి. కొడవలి మనిషి ఒప్పుకున్నాడు.

మీ కథకు ఇంకా దగ్గరది 1850లో ఫ్రాన్స్‌లో జరిగింది. ఒక ఇంట్లో మరమ్మతులు చేస్తుంటే నిప్పుగూటి వెనక ఎండిపోయిన పసికందు శవం బయటపడింది. ఆ ఇంట్లో ఉంటున్న జంట దిగి ఎంతో కాలం కాలేదు. అనుమానం వాళ్ల మీదికే పోయింది. బెర్జెరే అనే డాక్టరు శవంలో దొరికిన ఈగల గుల్లల్ని, చిమ్మట లార్వాల్ని పరీక్షించి, ఇవన్నీ ఒక్క ఏడాదిలో చేరినవి కావని, శవం 1848 నుంచీ అక్కడే ఉందని లెక్కగట్టాడు. దాంతో కొత్తగా దిగినవాళ్లు బయటపడ్డారు, కేసు అంతకుముందు ఉన్నవాళ్ల మీదికి తిరిగింది. ఆయన లెక్కలో కొన్ని అంచనాలు ఇవాళ్టి శాస్త్రానికి నిలబడవు. అది అటుంచి, ఆ కొత్త జంట స్థితి ఆలోచించండి. వాళ్లు పొయ్యి వెలిగించుకుని చలి కాచుకున్న గోడ అది. ఆ పక్కనే తిన్నారు, మాట్లాడుకున్నారు. పైగా అది తాము చేసింది కాదని చెప్పుకోవడానికి వాళ్ల తరఫున మాట్లాడినవి పురుగులు. మీ కథలో పురుగు ఎప్పుడూ శత్రువే కానక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇంతకీ మీ కథకు నేనైతే చెదల్నే ఎంచుకుంటాను.

కారణం శబ్దం. కంటికి కనబడేదాని కంటే చెవిన పడేది ఎక్కువసేపు భయపెడుతుంది. చెదల పుట్టలో సైనికులుంటాయి. ప్రమాదం పసిగడితే తలల్ని సొరంగం గోడకేసి టకటకా కొట్టి మిగతావాటిని హెచ్చరిస్తాయి. కొన్ని జాతుల్లో ఒకటి మొదలుపెడితే దూరంగా ఉన్నవి అందుకుంటాయి. అర్ధరాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, చెద పట్టిన ద్వారబంధానికి చెవి ఆనించి వేలితో ఒకసారి తట్టండి. లోపల్నుంచి ఎండుటాకుల మీద ఇసక చల్లినట్టు సన్నటి శబ్దం వస్తుంది. మీరు ఆపితే కాసేపటికి అదీ ఆగుతుంది. మళ్లీ తడితే మళ్లీ పలుకుతుంది. అది ఏమిటో తెలిసిన నాకే ఇప్పటికీ మెడ వెనక చల్లబడుతుంది. యూరప్‌లో పాత ఓక్ దూలాల్లో ఉండే డెత్‌వాచ్ బీటిల్ కూడా ఇలాగే జతకోసం తలతో కర్రను కొడుతుంది. పెన్సిల్‌తో కర్ర మీద తడితే జవాబిస్తుంది. రోగి మంచం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చున్నవాళ్లకి ఆ చప్పుడు వినబడేది కాబట్టి చావుకి సూచన అని పేరు పడింది.

తర్వాత ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు. వాన పడ్డాక సాయంత్రం దీపాల చుట్టూ మూగడం అందరూ చూసిందే, దానికి ఎవరూ భయపడరు. కానీ తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్న గదిలో, గోడకీ నేలకీ మధ్య సందులోంచి అవి బయటికి రావడం వేరు. అంటే పుట్ట ఇంటి లోపలే ఉంది. రెక్కలున్నవాటిని పుట్టించే స్థాయికి పుట్ట ఎదగడానికి కొన్నేళ్లు పడుతుంది. అంటే వీళ్లు ఇల్లు చూడటానికి వచ్చిన రోజు కూడా అది అక్కడే ఉంది. పొద్దున లేచేసరికి పురుగులు ఉండవు. రెక్కలే ఉంటాయి. అన్నీ ఒకే పొడుగు, ఎండిన ఉల్లిపొర కన్నా పలచన. చీపురు పెడితే ముందుకు కాకుండా గాలికి పక్కకి ఎగిరిపోతాయి, అందుకే ఎంత ఊడ్చినా మూలల్లో కొన్ని మిగులుతాయి. ఈ వివరం వాడుకోండి.

ఇప్పుడు మనుషుల సంగతి. మీ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనబడింది పురుగులు కాదు, ఆ భార్యాభర్తల మధ్య ఏమీ జరగకపోవడం. ఇద్దరూ కలిసి అరుస్తారు, కలిసి పరిగెడతారు. అలాంటివాళ్లు మొదటి రాత్రే ఇల్లు వదిలి పోవాలి కదా అని పాఠకుడు అడుగుతాడు. ఎందుకు పోలేదో మీ దగ్గర జవాబు ఉండాలి. నా పనిలో రోజూ చూసేది ఇదే. ఉన్నదంతా పెట్టి, అప్పుచేసి కొన్న ఇల్లు. వద్దన్నవాళ్లు ఉంటారు. కొందామని పట్టుబట్టినవాళ్లు ఉంటారు. పట్టుబట్టినవాళ్లకి తప్పు కనబడినా నోరు పెగలదు.

ఒక ఇంటికి వెళ్లినప్పటి సంగతి చెబుతాను. ఇల్లు భర్త ఎంపిక. దిగిన మొదటి వారం నుంచీ పడగ్గదిలో చప్పుడు వస్తోందని భార్య అంటోంది, నీ భ్రమ అని ఆయన కొట్టిపారేస్తున్నాడు. చివరికి ఆమే ఫోన్ చేసింది. ఇల్లంతా పాత రంగు, ఆ ఒక్క గది ద్వారబంధానికి మాత్రం కొత్త రంగు. అమ్మినవాళ్లు వేయించి పోయారు. స్క్రూడ్రైవర్ మొన ఆనించాను, గట్టిగా నొక్కలేదు కూడా, పిడి దాకా దిగిపోయింది. కర్రంటూ ఏమీ లేదు. రంగు పొర ఒక్కటే ద్వారబంధం ఆకారంలో నిలబడి ఉంది. కొంచెం పెచ్చు తీస్తే లోపల తడిమన్ను, వెలుతురు పడగానే లోపలికి సర్దుకుంటున్న తెల్లటి పురుగులు. ఆయన నన్ను వీటిని ఎలా చంపాలి అని అడగలేదు. "ఇది ఎప్పట్నుంచి ఉందో మీకు తెలుస్తుందా?" అని అడిగాడు. ఆమె పురుగుల వైపు చూడటం మానేసి ఆయన వైపు చూసింది. కొనేముందే ఆయనకి తెలుసని అప్పుడు నాకు అర్థమైంది, ఆమెకి నాకంటే ముందే అర్థమైంది.

మీ కథకి కావలసిన భయం ఆ చూపులో ఉంది. ఇంటికి పట్టిన జబ్బూ కాపురానికి పట్టిన జబ్బూ ఒకటే అయ్యేలా చూసుకోండి.

మన దగ్గర భ్రమరకీటక న్యాయం అని ఒకటి చెబుతారు. తుమ్మెద ఒక పురుగుని తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝుంకారం చేస్తూ ఉంటే ఆ పురుగు దాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి తుమ్మెద అయిపోతుందని. భక్తికీ ధ్యానానికీ ఉదాహరణగా చెప్పుకుంటాం. నిజంగా జరిగేది ఏమిటంటే, గూడు కట్టే కందిరీగ పురుగుని కుట్టి కదలకుండా చేస్తుంది, చంపదు. దాంతోపాటు తన గుడ్డు పెట్టి మట్టితో మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, బతికుండగానే ఆ పురుగుని తిని పెరిగి గూడు చీల్చుకుని బయటికి వస్తుంది. లోపలికి పోయింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. మారడం అనేది జరగనే లేదు. "ఈ ఇంటికొచ్చాక ఆయన మారిపోయాడు" అనే మాట మీ కథలో భార్య చేత ఒకసారి అనిపించి, ఆ కిటికీ మూల మట్టిగూడు ఒకటి ఊరికే చూపించండి. వివరించవద్దు. తెలిసినవాడికి తెలుస్తుంది.

ఇంకొక దారి కూడా ఉంది, కానీ జాగ్రత్తగా నడవాల్సింది. లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నాయని గట్టిగా నమ్మే పరిస్థితి ఒకటి ఉంది. స్వీడన్‌కు చెందిన ఎక్‌బోమ్ అనే వైద్యుడు 1938లో దాన్ని వివరంగా రాశాడు, ఆయన పేరుతోనే ఎక్‌బోమ్ సిండ్రోమ్ అంటారు. మాలాంటి వాళ్ల దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తారు. చిన్న డబ్బాలో ఏరి తెచ్చిన నూలు పోగులు, చర్మం పొట్టు చూపిస్తారు. ఆ డబ్బా మూత తీసేటప్పుడు వాళ్ల మొహంలో ఉండే ఆశ చూసి నేను ఎప్పుడూ నవ్వలేదు. వాళ్ల బాధ పూర్తిగా నిజం. భార్యకి ఈ జబ్బు అంటగట్టి "అంతా ఆమె భ్రమే" అని కథ ముగించడం వందలమంది చేశారు, అది అన్యాయం కూడా. తిప్పి రాయండి: అందరూ భ్రమ అన్నదే నిజం అవుతుంది, అక్కడ ఏమీ లేదని ప్రమాణం చేసినవాడికే చివరికి ఒళ్లంతా పాకడం మొదలవుతుంది.

వాస్తవాల విషయంలో కొన్ని జాగ్రత్తలు. చెదలు మనుషుల్ని తినవు, బొద్దింకలు దండుగా దాడి చెయ్యవు. మీ పతాక సన్నివేశం అందుకే పేలవంగా ఉంది, పాఠకుడికి లోపల ఎక్కడో తెలుసు ఇది జరగదని. పనిచేసే చెదల్లో చాలా జాతులకి కళ్లుండవు, కాబట్టి "వేల కళ్లు నన్నే చూస్తున్నాయి" అన్న వాక్యం కొట్టేయండి. నల్లుల కథ రాస్తే అవి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయని, ఖాళీగా పడి ఉన్న ఇల్లు వాటికి ఖాళీ కాదని గుర్తుంచుకోండి. పొగబెట్టే గ్యాస్ సంగతి రాస్తే, సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్‌కి వాసన ఉండదు. మనుషులకి తెలియడానికి దానికంటే ముందు కళ్లు మండించే ఇంకో రసాయనం వదులుతారు. "ఘాటైన విషవాయువు వాసన" అని రాసేముందు ఇది చూసుకోండి.

నేనైతే మీ కథను ఇలా మార్చుకుంటాను. బొద్దింకలు, జెర్రి, సాలీళ్లు తీసేస్తాను. మొదటి సగంలో ఒక్క పురుగునీ చూపించను, చప్పుడు మాత్రం ఉంటుంది, అది భార్యకి వినబడుతుంది. ఒక వాన సాయంత్రం ఆమె ఇంట్లో లేనప్పుడు గోడ మొదట్లోంచి ఉసిళ్లు వస్తాయి. భర్త లైట్లన్నీ ఆర్పేసి, తెల్లారేలోపు రెక్కలన్నీ ఊడ్చి సంచిలో కట్టి పారేస్తాడు. పాప అప్పటికే కొన్ని ఏరి తన పుస్తకం పేజీల మధ్య దాచుకుంది. మీ కథలో పాప ఇప్పుడు ఏడవడం తప్ప ఏమీ చెయ్యడం లేదు, ఆమెకి ఈ పని ఇవ్వండి. ఆ రాత్రి అందరూ పడుకున్నాక భర్త ఒక్కడే వెళ్లి గోడ మీద తడతాడు. గోడ పలుకుతుంది. ఇక్కడ రెండు పేజీలు తీసుకోండి, తొందరపడకండి. పుస్తకం భార్య చేతికి ఎప్పుడు దొరకాలో మీరే నిర్ణయించుకోండి, కానీ దొరికాక ఆమె అరవకూడదు. మామూలుగా ఒక ప్రశ్న అడగాలి.

ఫస్ట్ పర్సన్ సంగతి: అలాగే ఉంచండి, భర్తే చెప్పాలి. దాచేవాడే కథ చెబుతుంటే చదివేవాడు ప్రతి వాక్యాన్నీ తట్టి చూసుకుంటాడు, ఎక్కడ బోలుగా ఉందో అని. "ఆ గది నాకు మొదటి నుంచీ నచ్చింది" లాంటి వాక్యాలు మొదటి పేజీలో రెండు మూడు పడేస్తే చాలు. కానీ ఇప్పుడున్న ముగింపులో ఆ చెప్పేవాణ్ణే పురుగులు తినేస్తున్నాయి. జరిగిపోయిన కథలా చెబుతున్న మనిషి అందులో చనిపోతే అది ఎప్పుడు, ఎవరికి చెబుతున్నాడో తెలియదు. అతన్ని బతకనివ్వండి, ఆ ఇంట్లోనే. మార్చి రాశాక పెట్టండి, చదువుతాను.